భూషయ్య గారికి గేట్‌పాస్

మా కాలేజీలోకి మగవాడు చొరబడిన రోజున నేను సెలవు పెట్టి ఉంటే బాగుండేది. పెట్టలేదు.

మాది ఆడపిల్లల కాలేజీ. చుట్టూ ఎత్తయిన ప్రహరీ, దాని మీద గాజుపెంకులు, ఆ పైన ముళ్ళతీగ. గేటు దగ్గర వాచ్‌మన్ సూరిబాబు ఉంటాడు. అతను మగవాడే గానీ, మా క్రమశిక్షణ కమిటీ లెక్కలో గేటులో ఒక భాగం. నేను తెలుగు చెబుతాను. పనిలో పనిగా కొత్తగొంతు నాటక సమాజానికి ఇన్‌చార్జిని. ఇన్‌చార్జి అంటే నాటకం బాగా వస్తే ఫొటోలో నిలబడాలి, రాకపోతే ప్రిన్సిపాల్ గదిలో నిలబడాలి. మిగతాదంతా పిల్లలే చూసుకుంటారు. నాటకం వాళ్ళే రాస్తారు, తెరలు వాళ్ళే కుడతారు, పోట్లాటలు కూడా వాళ్ళే పెట్టుకుని వాళ్ళే తీర్చుకుంటారు.

మగవేషాలూ వాళ్ళే వేస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న ఆచారం ఒకటుంది. మీసం అంటించుకున్నాక ఆ పిల్లని పాత్ర పేరుతోనే పిలవాలి. టీ తాగేటప్పుడైనా, మెట్ల మీద ఎదురుపడినా అంతే. పొరపాటున సొంత పేరుతో పిలిచిన పిల్ల అందరికీ మిరపకాయ బజ్జీలు కొనిపెట్టాలి. బంకతో అంటించిన మీసం పీకితే చర్మం మండిపోతుంది గనక, ఒకసారి పెట్టాక సాయంత్రం దాకా తియ్యరు. అంటే మధ్యాహ్నం నుంచీ మా కాలేజీలో ఒక పెద్దమనిషి తిరుగుతూ ఉంటాడన్నమాట. ఇన్నేళ్ళుగా దానివల్ల బజ్జీల బండివాడు బాగుపడ్డాడు తప్ప ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు.

ఈ ఏడాది నాటకం పేరు ‘ఊక’. రాసిందీ, ఆడించిందీ బీకాం ఆఖరి సంవత్సరం నఫీసా. అందులో భూషయ్య అని ఒక రైసుమిల్లు యజమాని ఉంటాడు. ఊరందరినీ ఊకలా తీసిపారేస్తాడు. చివరికి మిల్లు నడిపేది తను కాదు, తన భార్య అని తెలుసుకుంటాడు. భూషయ్య వేషం సువార్తది. సువార్త లంక ఊరి నుంచి పడవెక్కి కాలేజీకి వచ్చే పిల్ల. మనిషి తాటిచెట్టంత ఎత్తు, క్లాసులో ప్రశ్న అడిగితే జవాబు మొదటి బెంచీ దాటదు. మీసం పెట్టిందంటే మాత్రం హాల్లో ఫ్యాన్లు ఉలిక్కిపడతాయి.

ఆ నాటకం పొరుగూళ్ళో జరిగే నాటక పరిషత్తు పోటీలకి ఎంపికైంది. తలపండిన నటుల సమాజాల పక్కన మా పిల్లలు! సువార్తకైతే కాళ్ళు నేలమీద నిలవలేదు. పరీక్షలవగానే ఆ పిల్లకి రొయ్యల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమై ఉంది.

“ఈ ఒక్క నాటకం పరిషత్తులో ఆడేస్తే చాలు మేడం. ఆ తర్వాత జీవితమంతా రొయ్యలతోనే మాట్లాడమన్నా మాట్లాడతాను” అంది.

సరిగ్గా అప్పుడే పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రంలోని మహిళా కళాశాలలన్నీ ‘పురుష సంచార రహిత మాసోత్సవం’ జరుపుకోవాలట. వారం వారం కంప్యూటర్లో రిపోర్టు పంపాలి. మా కాలేజీలో దీని బాధ్యత భ్రమరాంబ గారికి అప్పగించారు. ఆవిడ చరిత్ర చెబుతారు, క్రమశిక్షణ కమిటీకి కన్వీనరు. మొదటి వారం ‘పురుష సంచారం లేదు’ అని నిజాయితీగా పంపారు. రెండో వారమూ అంతే. మూడో వారం పైనుంచి మందలింపు వచ్చింది. ‘పొరుగు కళాశాలలు పురుషులను గుర్తించి సత్ఫలితాలు సాధించుచుండగా, మీ కళాశాలయందు ఒక్కరినైనను గుర్తించకపోవుట మీ అలసత్వమునకు నిదర్శనము’ అని ఉంది అందులో. భ్రమరాంబ గారు ఆ రాత్రి అన్నం తినలేదని వాళ్ళాయనే మాకు చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ మెట్లు దిగుతుండగా కింద ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది.

“భూషయ్య గారూ, మీరు ముందు నడవండి. టీ నేను తెస్తాను.”

ఆవిడ తొంగిచూశారు. పంచె, భుజాన కండువా, పక్కకి తిరిగిన ముఖంలో దట్టమైన మీసం. భ్రమరాంబ గారు కేక వెయ్యలేదు. నేరుగా కంప్యూటర్ గదికి వెళ్ళి, ‘భూషయ్య అను పురుషుడు ఆవరణలో స్వేచ్ఛగా సంచరించుచుండగా గుర్తించితిమి’ అని పైకి పంపేశారు. ఆ తర్వాత కిందికొచ్చి కేక వేశారు.

కేక విని మేమంతా పరుగెత్తేసరికి సువార్త టీ గ్లాసుతో నిలబడి ఉంది. ఒకవైపు మీసం భయంతో ఊడి వేలాడుతోంది.

అయిపోయింది కదా, పొరపాటు తెలిసింది కదా అని మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ కంప్యూటర్లో మగవాణ్ణి చేర్చడానికే వీలుంది గానీ తీసేయడానికి లేదు. పైగా సాయంత్రానికల్లా జవాబు కూడా వచ్చేసింది. ‘మీ అప్రమత్తత అభినందనీయము. సదరు పురుషునిపై గైకొన్న చర్యను తెలుపవలెను.’

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో కమిటీ కూర్చుంది. మా ప్రిన్సిపాల్ వైజయంతి గారు మెత్తటి మనిషి. హాస్టల్లో నీళ్ళ మోటారు కాలిపోయి పిల్లలు బకెట్లతో మోసుకుంటుంటే, కొత్త మోటారు కోసం ఏడాదిగా పై ఆఫీసుకి ఫోను చేస్తూనే ఉన్నారు. వాళ్ళు ‘చూద్దాం మేడం’ అంటూనే ఉన్నారు.

“రిపోర్టు పొరపాటని రాసేస్తే సరిపోతుంది కదండీ” అన్నాను.

“అదెలా అండీ?” అన్నారు వైజయంతి గారు దిగులుగా. “భూషయ్య లేడని మనమే అంటే, మోటారు కాలిపోలేదని వాళ్ళంటారు.”

సువార్త గోడ పక్కన నిలబడి ఉంది. “మేడం, అసలు నేను...” అని మొదలుపెట్టింది.

“నువ్వాగమ్మా. పెద్దవాళ్ళం మాట్లాడుతున్నాం” అన్నారు భ్రమరాంబ గారు. “సదరు పురుషుణ్ణి పోలీసులకి అప్పగించడం ఒక మార్గం.”

“అప్పగిస్తే మన పిల్ల వెళ్ళిపోతుందండీ” అన్నాను.

“మేడం, భూషయ్య అంటే...” అంది సువార్త మళ్ళీ.

“నిన్ను ఆగమన్నానా? విచారణ నడుస్తోంది ఇక్కడ.”

“మరి విచారణ నా గురించే గదా మేడం, నేను...”

“నీ గురించి కాదమ్మా. అతని గురించి.”

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు నాకు కనబడుతూనే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది గానీ ఇన్‌చార్జిని, నిలబడే చోటే అది. భూషయ్యపై చర్య పూర్తయ్యేదాకా రిహార్సళ్ళు ఆపాలని అందరూ తీర్మానించబోయారు.

“అనుమతి లేకుండా వచ్చాడన్నదే గదా నేరం? అనుమతి ఇచ్చేస్తే పోయె” అంది నఫీసా తలుపు దగ్గర్నుంచి.

ఎవరూ తలతిప్పలేదు. తర్వాత భ్రమరాంబ గారు బల్ల మీద పెన్నుతో కొట్టారు.

“నాకొక ఆలోచన తట్టింది. సదరు పురుషునికి గేట్‌పాస్ మంజూరు చేసి, అతని సంచారాన్ని క్రమబద్ధం చేద్దాం.”

అద్భుతమైన ఆలోచన అని అందరూ అన్నారు.

గేట్‌పాస్‌కి ఫొటో కావాలి. తీశారు. తండ్రి సంతకం కావాలి. భూషయ్యని పుట్టించింది నఫీసాయే కాబట్టి ఆ పిల్లే తండ్రిగా సంతకం పెట్టింది. సత్ప్రవర్తన సర్టిఫికెట్ కావాలంటే కమిటీయే ఇచ్చింది, ఎందుకంటే అతన్ని కాలేజీ బయట ఎవరూ ఎరగరు. నాటకంలో భార్య మీద అరుస్తాడు కదా అని భ్రమరాంబ గారు కాస్త తటపటాయించారు. భార్య మీద అరవడం నడవడిక కిందికి రాదని తేల్చి సంతకం పెట్టారు.

ఇక నియమాలు మొదలయ్యాయి. పురుషుడు స్త్రీలకి ఆరడుగుల దూరంలో ఉండాలి. భ్రమరాంబ గారు టేపు పట్టుకుని రిహార్సల్‌కి వచ్చారు. నాటకంలో భూషయ్య భార్య కాఫీ గ్లాసు చేతికిస్తుంది. ఇప్పుడు ఆవిడ దాన్ని ఒక స్టూలు మీద పెట్టి ఆరడుగులు వెనక్కి నడవాలి, అప్పుడాయన ముందుకొచ్చి తీసుకోవాలి. చివర్లో భార్య భుజమ్మీద చెయ్యి వేసి క్షమించమనే ఘట్టం దగ్గర భ్రమరాంబ గారు ఆలోచించి ఆలోచించి, చెయ్యి బదులు పొడవాటి వెదురుకర్ర వాడుకోవచ్చని మినహాయింపు ఇచ్చారు. సువార్త కర్రతో భుజం తట్టగానే భార్య వేషం వేసిన పిల్ల నవ్వాపుకోలేక తెర చాటుకి పారిపోయింది. నఫీసా తలపట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత మరుగుదొడ్డి సమస్య వచ్చింది. గేట్‌పాస్ ఉన్న పురుషుడు ఆడపిల్లల మరుగుదొడ్డికి వెళ్ళడం ఘోరమైన నేరం. మీసం ఊడబెరికి వెళ్ళి మళ్ళీ అంటించుకుంటే ముఖం పుండవుతుంది. కమిటీ కూర్చుంది. తనిఖీకి వచ్చే ఆఫీసర్ల కోసమని తాళం వేసి ఉంచిన మరుగుదొడ్డి ఒకటుంది మాకు. అందులో ఎప్పుడూ నీళ్ళుంటాయి, సబ్బుంటుంది, తలుపుకి గడియ కూడా ఉంటుంది. దాని తాళంచెవి భూషయ్య గారికి ఇచ్చారు.

ఈ సంగతి పొక్కిన మర్నాటి నుంచి కొత్తగొంతు నాటక సమాజంలో చేరడానికి పిల్లలు బారులు తీరారు. అందరికీ మగవేషాలే కావాలట. నాటకంలో మిల్లు కూలీలు ఉన్నారు గనక నఫీసా కాదనలేదు. వారం తిరిగేసరికి ఎటు చూసినా మీసాలే. క్యాంటీన్లో మీసం ఉన్నవాళ్ళకి ముందు వడ్డిస్తున్నారు. లైబ్రేరియన్ లోపలి అలమరా తెరిచి, ఏం పుస్తకం కావాలండీ అని అడుగుతోంది. సూరిబాబు లేచి నిలబడి దండం పెడుతున్నాడు.

“నీకు తెలుసు గదా అది సువార్తని?” అని అడిగాను.

“తెలుసండి మేడంగారూ. మరి మీసానికి పెట్టకపోతే ఆరేమనుకుంటారో అని” అన్నాడు.

పోటీలు దగ్గరపడ్డాయి. ప్రయాణానికి అనుమతి కావాలని నఫీసా వెళ్ళి కమిటీని అడిగింది. పరిశీలిస్తామన్నారు. మళ్ళీ వెళ్ళింది. విద్యార్థినులు పొరుగూరు వెళ్ళాలంటే బాధ్యత గల పురుషుడొకరు వెంట ఉండి తీరాలన్నారు. నేను వెళ్తున్నాను కదా అన్నాను. మీరు బాధ్యత గలవారే గానీ పురుషులు కారు అన్నారు. సూరిబాబుని పంపుదామంటే గేటు ఖాళీ అయిపోతుంది. పిల్లల నాన్నలందరూ కోతల్లోనో, రొయ్యల చెరువుల మీదో ఉన్నారు. నఫీసా తెరలు మడతపెట్టేసి, ఇంక మనం వెళ్ళేది లేదని చెప్పేసింది.

ఆ సాయంత్రం సువార్త మడతపెట్టిన తెరల పక్కనుంచి లేచి, పంచె, కండువా, మీసంతో నేరుగా ప్రిన్సిపాల్ గదికి నడిచింది. నేను వెనకాల పరుగెత్తాను. లోపల కమిటీ కూర్చుని ఉంది. తిడతారనుకున్నాను. భ్రమరాంబ గారు తలెత్తి చూసి కుర్చీ చూపించారు.

“రండి, కూర్చోండి.”

నేను తెల్లబోయాను. గేట్‌పాస్ ఉన్న సందర్శకులకి కుర్చీ వేసి టీ ఇవ్వాలని నిబంధన ఉందట. భూషయ్య గారు కూర్చున్నారు, కాలు మీద కాలు వేసుకున్నారు. టీ వచ్చింది.

“ఏవండీ, మా పిల్లలు మూడు నెలల నుంచి ఒళ్ళు దాచుకోకుండా పనిచేశారు” అన్నారు భూషయ్య గారు. “పంపించడానికి మీకొచ్చిన ఇబ్బందేంటి?”

ఎవరూ అడ్డం రాలేదు. ఆ వాక్యం చివరిదాకా వెళ్ళింది. సువార్త నోట్లోంచి వచ్చిన వాక్యం ఆ గదిలో పూర్తవడం అదే మొదటిసారి.

“ఇబ్బందేమీ లేదండీ” అన్నారు వైజయంతి గారు. “బాధ్యత గల పురుషుడొకరు తోడుండాలి. అంతే.”

“మరి నేనున్నాను గదా.”

భ్రమరాంబ గారు ఫైలు తెరిచారు. ఫొటో ఉంది, తండ్రి సంతకం ఉంది, సత్ప్రవర్తన సర్టిఫికెట్ కింద ఆవిడ సంతకమే ఉంది. వెనక్కీ ముందుకీ తిప్పి చూశారు.

“అభ్యంతరం కనబడటం లేదు” అన్నారు.

భూషయ్య గారు టీ తాగి లేచారు. తలుపు దగ్గర ఆగారు.

“హాస్టల్ మోటారు సంగతేం చేశారు?”

“ఏడాదిగా అడుగుతున్నామండీ. పైవాళ్ళు వినిపించుకోవడం లేదు.”

“ఎలా అడుగుతున్నారు?”

“మర్యాదగానే అండీ. వీలు చూసుకుని దయచెయ్యండీ అని.”

“అందుకే రాలేదు” అని భూషయ్య గారు వెళ్ళిపోయారు.

పరిషత్తులో ‘ఊక’ ఎలా ఆడిందో చెబితే నాకు పిల్లల మీద మమకారం అనుకుంటారు. టేపు కాలేజీలోనే ఉండిపోయింది గనక ఎవరూ ఎవరికీ ఆరడుగుల దూరం పాటించలేదు. చివర్లో సువార్త భార్య భుజమ్మీద చెయ్యి వేసినప్పుడు నా పక్కన కూర్చున్న ముసలి నటుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఉత్తమ నటుడి బహుమతికి కొల్లి సువార్త పేరు పిలిచారు. నేను ఏడ్చాను. ఫొటోలో నిలబడాలి గనక మళ్ళీ ముఖం కడుక్కున్నాను.

మేం తిరిగొచ్చేసరికి పై ఆఫీసు నుంచి ఉత్తర్వు సిద్ధంగా ఉంది. బాధ్యత గల పురుషుడిగా విద్యార్థినులను క్షేమంగా తీసుకువెళ్ళి తీసుకువచ్చిన శ్రీ భూషయ్యను ‘మహిళా బంధు’గా గుర్తించి, మహిళా దినోత్సవానికి ముఖ్య అతిథిగా పిలిచి సత్కరించాలట. భ్రమరాంబ గారు ఆనందంతో కార్డులు అచ్చువేయించారు. ముఖ్య అతిథికి పూలదండ వేసేది బహుమతి గెలిచిన కుమారి కొల్లి సువార్త అని కింద రాయించారు.

“దండ వేసేదీ, వేయించుకునేదీ ఒకరేనండీ” అన్నాను.

“అయితే ఇద్దరిలో ఒకరు రాలేరన్నమాట. ఎవరనేది పరిశీలిస్తాం” అన్నారు.

పరిశీలన పూర్తికాకుండానే ఆ రోజు వచ్చేసింది. హాలు నిండిపోయింది. వేదిక మధ్యలో పట్టుగుడ్డ కప్పిన కుర్చీ ఖాళీగా ఉంది. సువార్త వచ్చింది. తన మామూలు చుడీదారు, జడ, చేతిలో పూలదండ. మీసం లేదు. నేరుగా మైకు దగ్గరికి నడిచింది.

“అందరికీ నమస్కారం. నేను...”

“అమ్మా, ముఖ్య అతిథి ఇంకా రాలేదు” అన్నారు భ్రమరాంబ గారు. “నువ్వు దండ పట్టుకుని పక్కకి నిలబడు.”

సువార్త చున్నీ కొంగు ముడి విప్పి మీసం తీసింది. పెట్టుకుంటుందనుకున్నాం అందరం. ఆ పిల్ల వెళ్ళి దాన్ని పట్టుగుడ్డ కుర్చీ మీద ఉంచి, కుర్చీకి పూలదండ వేసింది.

“వచ్చారు మేడం” అంది.

భ్రమరాంబ గారు అలవాటుగా లేచి నిలబడ్డారు. ఆవిడ లేవగానే కమిటీ లేచింది, కమిటీ లేవగానే హాలంతా లేచింది. ముఖ్య అతిథి వేదిక మీద ఉండగా మైకు దగ్గరున్నవాళ్ళని ఆపడం మర్యాద కాదు గనక ఇంకెవరూ సువార్తని ఆపలేదు.

ఆ పిల్ల తన సొంత గొంతుతో మాట్లాడింది. మొదటి మాటలు తడబడ్డాయి.

“ఆఫీసర్ల మరుగుదొడ్డి మీసం లేనివాళ్ళకి కూడా తెరవాలండి” అంది. “హాస్టల్లో పిల్లలు నీళ్ళు మోసీ మోసీ క్లాసులో నిద్రపోతున్నారు. నేనీ మాటలు ఏడాది నుంచి చెబుతున్నాను. ఎవరికీ వినబడలేదు. నా గొంతు చిన్నదేమో అనుకునేదాన్ని.”

ఆఖరి బెంచీ దాకా వినబడింది. నేను ఆఖరి బెంచీలోనే ఉన్నాను. పిల్లలు చప్పట్లు ఆపలేదు. మరుగుదొడ్డి తాళం ఆ మధ్యాహ్నమే తీసేశారు.

సభ అయ్యాక చూస్తే కుర్చీ మీద మీసం లేదు. అది సమాజం ఆస్తి, ఇన్‌చార్జిని నేను. వెతుక్కుంటూ ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల వైజయంతి గారు ఫోనులో మాట్లాడుతున్నారు.

“చూద్దాం, చేద్దాం కాదు. ఎప్పటికి పంపుతారో చెప్పండి. రేపా, ఎల్లుండా?”

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తొంగిచూశాను. ఆవిడ ఎడంచేత్తో ఫోను పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో పెదవి మీద మీసం అదిమి పట్టుకుని కూర్చున్నారు. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

ఆ వారంలోనే కొత్త మోటారు వచ్చింది. పిల్లలు పంపు చుట్టూ చేరి గంతులేశారు. నేను సువార్తని పిలిచి, నీ మీసం ప్రిన్సిపాల్ గారి దగ్గరుంది, అడిగి ఇప్పించనా అన్నాను.

“నాకింక అక్కర్లేదు మేడం” అంది.

సమాజం ఆస్తి కదా అని నేనే వెళ్ళి అడిగాను. వైజయంతి గారు సొరుగు తెరిచి, మీసాన్ని ఒకసారి చూసి, మళ్ళీ మూసేశారు.

“ఇంకా కాలేజీ బస్సు సంగతి మిగిలిందండీ” అన్నారు. “అదయ్యాక ఇస్తాను.”